ఓనరు చేతిలో అద్దెదారు డబ్బు

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఎల్ కమినో రియల్ రోడ్డు పక్కన ఒకప్పుడు చెర్రీ తోటలు ఉండేవి. ఓల్సన్ కుటుంబం 1899 నుంచి అక్కడ తోట సాగు చేసింది. నాలుగు తరాల పాటు చెర్రీలు, ఆప్రికాట్లు అమ్ముకుని బతికింది. ఆ తోటలో చాలా భాగం ఇప్పుడు అపార్ట్‌మెంట్ల కింద ఉంది. వాటి పేరు కూడా చెర్రీ ఆర్చర్డే. ఊరి చరిత్ర ఇంచుమించు ఇదే దారిలో నడిచింది. 1906 భూకంపం తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హెండీ ఇనుప కర్మాగారం ఇక్కడికి తరలి వచ్చింది. లిబ్బీ కంపెనీ పండ్లను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్రూట్ కాక్‌టెయిల్ డబ్బా బొమ్మ వేసిన ఆ ఫ్యాక్టరీ నీళ్ల ట్యాంకు నేటికీ నిలబడి ఉంది. 1912లో సన్నీవేల్‌కు పురపాలక హోదా వచ్చింది. 1956లో లాక్‌హీడ్ క్షిపణుల విభాగం వచ్చాక తోటలు వేగంగా తరిగిపోయాయి. వాటి స్థానంలో మధ్యలో ఈతకొలను, చుట్టూ రెండంతస్తుల ఫ్లాట్లు, వెనక కారు షెడ్లతో అద్దె ఇళ్ల వరుసలు లేచాయి. నేడు ఊళ్లోని కుటుంబాల్లో సగానికి పైగా అద్దె ఇళ్లలోనే ఉంటున్నాయి.

ఆ ఫ్లాట్ల బాల్కనీల్లో తులసి కుండీలు, వంటగదుల్లో ఆవకాయ జాడీలు కనిపించే కాలం 1990ల తర్వాత వచ్చింది. 1990 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం హెచ్-1బి వీసాను తెచ్చింది. వై2కె పనుల వేళ హైదరాబాదు అమీర్‌పేట నుంచి, గుంటూరు, విజయవాడ, వరంగల్ నుంచి కుర్రాళ్లు సిలికాన్ వ్యాలీలో దిగారు. పర్షియన్ డ్రైవ్‌లోని సన్నీవేల్ హిందూ దేవాలయం వాళ్లకు ఆదివారాలు కలుసుకునే చోటైంది. చాలామంది రెండేళ్లుండి వెళ్లిపోదామని వచ్చినవాళ్లే. కానీ గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం మించకూడదన్న పరిమితి వల్ల భారతీయుల వరుస ఏళ్ల తరబడి సాగింది. వీసా ఎప్పుడు ఏమవుతుందో తెలియని మనిషి లక్షల డాలర్ల ఇల్లు కొనడానికి జంకుతాడు. పైగా ఇక్కడి ఇళ్ల ధరలు దేశంలోనే అత్యంత ఖరీదైనవాటిలో ఉన్నాయి. దాంతో రెండేళ్ల మకాం పదేళ్లయింది, పదిహేనేళ్లయింది. పిల్లలు అదే ఫ్లాటులో పుట్టి, అదే స్కూలుకు నడిచి వెళ్లి, హైస్కూలు దాటారు.

అన్నేళ్లు ఒకే గూటిలో ఉన్న కుటుంబం ఏదో ఒకరోజు ఖాళీ చేస్తుంది. మొదటిరోజు లీజు మీద సంతకం పెడుతూ కట్టిన డిపాజిట్టు సంగతి అప్పుడు బయటికొస్తుంది. ఇన్నేళ్లూ ఆ డబ్బు ఎవరిది? ఎక్కడుంది? ఇచ్చేటప్పుడు ఎంత ఇవ్వాలి? ఈ మూడు ప్రశ్నలకు కాలిఫోర్నియా రాష్ట్రం యాభై ఏళ్లకు పైగా జవాబు చెబుతూనే ఉంది. ఇంకా పూర్తిగా చెప్పలేదు.

మన ఊళ్లలో దీన్ని అడ్వాన్సు అంటారు. హైదరాబాదులో రెండు మూడు నెలల అద్దె కడతారు, బెంగళూరులో ఒకప్పుడు పది నెలలది అడిగేవారు. చాలాచోట్ల రశీదు ఉండదు, మాటే సాక్ష్యం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు కింద ఒక నెల అద్దె కోసుకోవడం ఆనవాయితీ. ఆ ఇంట్లో ఏడాది ఉన్నా పదేళ్లున్నా ఆ కోత అంతే. ఓనరు మంచివాడైతే "చివరి రెండు నెలలు అద్దె కట్టకండి, అడ్వాన్సులో సరిపెట్టుకుందాం" అంటాడు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని చెప్పింది. అయితే నమూనా చట్టం నమూనాయే, ఏ రాష్ట్రం తీసుకుంటే అక్కడే అమలవుతుంది. ఈ అలవాట్లతో విమానం దిగినవాళ్లకు సన్నీవేల్ లీజు కాగితంలో పద్నాలుగో పేజీలోని డిపాజిట్టు నిబంధన చదవాలన్న ఆలోచన రాకపోవడం సహజమే.

నిజానికి 1970 వరకు కాలిఫోర్నియాలోనూ దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. లీజులో ఏం రాసుకుంటే అదే శాసనం. క్లీనింగు ఫీజు అని ఒకటి, కీ ఫీజు అని ఒకటి, తిరిగి ఇవ్వని డిపాజిట్టు అని మరొకటి వసూలు చేసేవారు. ఇల్లు అద్దంలా తుడిచి ఇచ్చినా క్లీనింగు ఫీజు తిరిగి వచ్చేది కాదు. యూనివర్సిటీల చుట్టూ అద్దెకున్న విద్యార్థులు ఏటా జూన్‌లో ఖాళీ చేసి వెళ్లిపోయేవారు. వంద డాలర్ల కోసం లాయరును పెట్టుకునే స్తోమత వాళ్లకు ఎక్కడిది? ఓనర్లకు అది ఏటేటా వచ్చే ఆదాయమైంది. 1970లో శాసనసభ తొలి అడుగు వేసింది. సివిల్ కోడ్‌లో 1951 నంబరుతో వచ్చిన ఆ నిబంధనే 1977లో మరింత గట్టి రూపంలో 1950.5 సెక్షన్‌గా స్థిరపడింది. కాలిఫోర్నియాలో అద్దెకున్న ప్రతివాళ్లూ పెద్ద బాలశిక్షలా దగ్గర పెట్టుకోదగ్గ సెక్షన్ అది.

ఆ సెక్షన్ తిరిగి ఇవ్వని డిపాజిట్టు అనే మాటనే రద్దు చేసింది. ఏ పేరుతో తీసుకున్నా, అద్దె బకాయికో నష్టానికో క్లీనింగుకో హామీగా తీసుకున్న డబ్బంతా డిపాజిట్టే. పట్టుకోదగిన కారణాలను కూడా వేళ్ల మీద లెక్కపెట్టింది: కట్టని అద్దె, మామూలు అరుగుదలను మించిన నష్టం, ఇల్లు చేరినప్పుడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రతకు తేవడానికి అయ్యే ఖర్చు. లీజులో రాసుకుంటే, ఓనరు ఇచ్చిన సామాన్లను పాడుచేయడం, తిరిగి ఇవ్వకపోవడం వంటివి కూడా చేరతాయి. అంతకు మించి ఏమీ లేదు.

అయితే ఈ సెక్షన్‌కు ప్రాణం మరో వాక్యంలో ఉంది. డిపాజిట్టును ఓనరు అద్దెదారు కోసం పట్టి ఉంచాలి, ఓనరు అప్పులవాళ్లందరి కంటే ముందు ఆ డబ్బు మీద అద్దెదారుకే హక్కు ఉంటుంది అని ఆ వాక్యం చెబుతుంది. అంటే ఓనరు దివాలా తీసినా బ్యాంకు కంటే ముందు వరుసలో నిలబడేది అద్దెదారు. ఎవరిది ఆ డబ్బు అన్న ప్రశ్నకు చట్టం ఇంత స్పష్టంగా జవాబిచ్చింది. ఎక్కడుంది అన్న ప్రశ్న దగ్గర మాత్రం నోరు మెదపలేదు. మసాచుసెట్స్‌లో ఓనరు ఆ డబ్బును విడిగా, వడ్డీ వచ్చే బ్యాంకు ఖాతాలో వేసి, ఆ ఖాతా వివరాలు అద్దెదారుకు ఇవ్వాలి. కాలిఫోర్నియాలో అలాంటి బాధ్యత లేదు. ఓనరు తన సొంత డబ్బుతో కలిపేసుకోవచ్చు, దానితో మరో బిల్డింగుకు రంగులు వేయించుకోవచ్చు. అడిగిన రోజున లెక్క అప్పజెబితే చాలు. ఈ చట్టంలో అసలు లోపం ఇదే. ఏడాది ఉండి వెళ్లేవాడికి ఇది పెద్దగా తగలదు, పదిహేనేళ్లున్నవాడికి తగులుతుంది.

చట్టం వచ్చిన వెంటనే దారి తప్పించే ఎత్తుగడలూ వచ్చాయి. ఇస్లే ఇన్వెస్ట్‌మెంట్స్ అనే కంపెనీ కథ కాలిఫోర్నియా అద్దె చట్టాల పుస్తకాల్లో చెరగని పేజీ. 1973లోనే ఆ కంపెనీ క్లీనింగు ఫీజు వ్యవహారం అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. తర్వాత ఆ కంపెనీ డిపాజిట్టు తీసుకోవడమే మానేసి, మొదటి నెల అద్దెను మిగతా నెలల కంటే బాగా ఎక్కువ పెట్టింది. అద్దె తిరిగి ఇవ్వక్కర్లేదు కదా! గ్రాన్‌బెర్రీ అనే అద్దెదారు పేరుతో ఎంతోమంది తరఫున దావా పడింది. 1984లో అప్పీలు కోర్టు పేరును కాకుండా పనిని చూడమంది. ఆ అదనపు మొత్తం డిపాజిట్టు చేసే పనే చేస్తుంటే అది డిపాజిట్టే. కేసు మళ్లీ పైకెక్కి 1995లో రాష్ట్ర సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడ తీర్పు రెండు వైపులా తూగింది. ఇల్లు ఖాళీ అయ్యాక చట్టం పెట్టిన గడువులోగా లెక్క చెప్పని ఓనరు కోతలు కోసుకునే హక్కును పోగొట్టుకుంటాడు, మొత్తం తిరిగి ఇవ్వాల్సిందే. అయితే మంచి మనసుతోనే పొరపాటు జరిగి ఉంటే, కోర్టులో తన నష్టాన్ని విడిగా నిరూపించి ఆ మేరకు సర్దుబాటు అడగవచ్చు. గడువు తప్పితే ఓనరు పని అయిపోయినట్టే అని స్నేహితులు ధైర్యం చెబుతుంటారు. పూర్తిగా అలా కాదన్నది ఈ తీర్పు తర్వాత స్థిరపడిన మాట.

గడువు మొదట్లో రెండు వారాలే. 1990లలో అది 21 రోజులైంది. ఇల్లు ఖాళీ చేసిన 21 రోజుల్లోపు ఓనరు మిగిలిన డబ్బును, దేనికెంత కోశాడో రాసిన పట్టీతో కలిపి పంపాలి. మరమ్మతులు, క్లీనింగు కలిపి 125 డాలర్లు దాటితే రశీదులు జతచేయాలి. దురుద్దేశంతో పట్టి ఉంచితే మొదట్లో పరిహారం 200 డాలర్లు మించేది కాదు. ఇప్పుడు డిపాజిట్టు కాక దానికి రెండింతల దాకా కోర్టు వేయవచ్చు. ఈ మార్పు చిన్నది కాదు. 200 డాలర్ల జరిమానా అంటే పెద్ద కంపెనీకి చిల్లర ఖర్చు. ఆరు వేల డాలర్లయితే మేనేజరు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

21 రోజుల గడువుకు సన్నీవేల్ తెలుగువాళ్ల జీవితంలో ఓ చేదు అధ్యాయం ఉంది. డాట్‌కామ్ బుడగ పేలిన 2001 ప్రాంతంలో ఉద్యోగం పోయినవాళ్లకు వీసా కూడా పోయే పరిస్థితి. వారాల్లో సర్దుకుని ఇండియాకు బయలుదేరిన కుటుంబాలు ఎన్నో. ఖాళీ చేసేటప్పుడు కొత్త అడ్రసు ఇవ్వకపోతే, ఖాళీ చేసిన ఇంటి అడ్రసుకే చెక్కు పంపవచ్చని చట్టం చెబుతోంది. చీరాలలోనో కరీంనగర్‌లోనో ఉన్న మనిషి కోసం చెక్కు సన్నీవేల్‌లోని పాత ఫ్లాటు పోస్టు డబ్బాలో పడుతుంది. అక్కడ అప్పటికే ఇంకెవరో దిగి ఉంటారు. చట్టం ప్రకారం ఓనరు తప్పేమీ లేదు. ఖాళీ చేసే రోజున ఒక చిన్న కాగితం మీద అడ్రసు రాసి, దాని ఫోటో తీసి పెట్టుకోవడం అనే అలవాటు పాతకాపులు కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పుతూ వచ్చారు.

రూమ్మేట్ల గొలుసు మరో చిక్కు. నలుగురు బ్యాచిలర్లు కలిసి ఒక లీజు తీసుకుంటారు. ఒకడు పెళ్లి చేసుకుని వెళ్లిపోతాడు. వాడి స్థానంలో దిగినవాడు వాడి వాటా డిపాజిట్టును వాడికే చేతిలో పెడతాడు. ఇంకొకడు టెక్సాస్ మారిపోతాడు, అప్పుడూ అదే తంతు. ఐదేళ్లు తిరిగేసరికి లీజు మీద పేరున్నవాళ్లలో ఒక్కడూ ఆ ఇంట్లో ఉండడు. ఓనరు దృష్టిలో మాత్రం ఇల్లు ఎన్నడూ పూర్తిగా ఖాళీ కాలేదు కాబట్టి లెక్క చెప్పే గడియే రాలేదు. చివర మిగిలినవాడు తాళాలు ఇచ్చినప్పుడు చెక్కు మొదటి నలుగురి పేర్ల మీద వస్తుంది. అంతవరకు స్నేహం మీద నడిచిన లెక్కలు అక్కడ తేలాలి. చాలావరకు తేలతాయి, తేలనివి స్నేహాన్నీ తీసుకుపోతాయి. రూమ్మేటు మారినప్పుడల్లా లీజులో పేరు మార్పించి, డిపాజిట్టు వాటా ఎవరిదో ఓనరుతో కాగితం మీద రాయించుకోవడం ఒక్కటే దీనికి మందు.

ఇక అసలు పోరు అరుగుదల మీద. ఎంత ఇవ్వాలన్న మూడో ప్రశ్నకు ఇక్కడే జవాబు ఉంది. పాతకాపు అద్దెదారుకు చట్టం అన్నింటి కంటే ఎక్కువగా అండగా నిలిచేదీ ఇక్కడే. పన్నెండేళ్లున్న కుటుంబానికి వచ్చే కోతల పట్టీ సాధారణంగా ఒకే తీరులో ఉంటుంది: గోడలకు పెయింటు, హాల్లో కొత్త కార్పెట్, బ్లైండ్లు, స్టవ్ చుట్టూ జిడ్డు వదిలించినందుకు క్లీనింగు. మన వంటల పోపు ఘాటు, పసుపు మరకలు ఈ చివరి పద్దుకు కొంచెం బలమిస్తాయి, ఒప్పుకోవాలి. కానీ మొదటి రెండు పద్దులు నిలబడవు. రాష్ట్ర వినియోగదారుల శాఖ అద్దెదారుల కోసం ప్రచురించిన చేతిపుస్తకం ఓ లెక్క సూచించింది. ఇంట్లో ఆరు నెలల లోపే ఉంటే పెయింటు ఖర్చు మొత్తం, ఆరు నెలల నుంచి ఏడాది దాకా మూడింట రెండు వంతులు, ఏడాది నుంచి రెండేళ్ల దాకా మూడింట ఒక వంతు అద్దెదారు మీద వేయవచ్చు. రెండేళ్లు దాటితే ఏమీ వేయకూడదు. గోడలకు పడ్డ రంగు ఆయుష్షు అంతటితో తీరిందని అర్థం. కార్పెట్‌కూ అదే పద్ధతి. పదేళ్లు మన్నాల్సిన కార్పెట్ ఎనిమిదేళ్ల వయసులో పూర్తిగా పాడైంది, కొత్తది వేయడానికి 1,000 డాలర్లు అవుతుందనుకుందాం. అద్దెదారు కట్టాల్సింది మిగిలిన రెండేళ్ల ఆయుష్షుకు 200 డాలర్లు మాత్రమే. అది పన్నెండేళ్ల పాతదైతే సున్నా.

ఇది మన ఒక నెల పెయింటు కోతకు పూర్తిగా తిరగేసిన లెక్క. మన దగ్గర ఎన్నేళ్లున్నా కోత ఒకటే. ఇక్కడ ఎంత ఎక్కువ కాలం ఉంటే కోత అంత తగ్గాలి. ఏళ్ల తరబడి అద్దె కట్టిన మనిషి ఆ రంగుకు, ఆ కార్పెట్‌కు ధర అద్దెలోనే చెల్లించేశాడన్న న్యాయం దీని వెనక ఉంది. హైదరాబాదు అలవాటులో పెరిగినవాడు పెయింటు కోత చూసి "సరేలే, మామూలే కదా" అనుకుంటాడు. ఆ ఊరుకోవడం వల్లే సన్నీవేల్‌లో మనవాళ్లు పోగొట్టుకున్న డబ్బు తక్కువేమీ కాదు.

వడ్డీ సంగతికి వస్తే, ఒకే తీరంలో ఉన్న రెండు ఊళ్ల మధ్య తేడా ఎంతో తెలుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో 1983లో ఒక స్థానిక చట్టం చేసి, ఏడాది దాటి పట్టి ఉంచిన డిపాజిట్టు మీద ఏటా 5 శాతం సాధారణ వడ్డీ ఇవ్వాలంది. 2002లో ఆ రేటును మార్కెట్ రేట్లను బట్టి ఏటేటా మారేలా చేసింది. బర్క్‌లీలోనూ వడ్డీ ఉంది. సన్నీవేల్‌లో లేదు. రాష్ట్ర చట్టం వడ్డీ గురించి ఏమీ చెప్పలేదు కాబట్టి ఓనరు ఇవ్వక్కర్లేదని 1989లో కోరెన్స్ కేసులో అప్పీలు కోర్టు తేల్చింది. ఎప్పటిదో ఒక 2,000 డాలర్ల డిపాజిట్టు తీసుకుందాం. పాత శాన్‌ఫ్రాన్సిస్కో రేటున పదేళ్లలో దానికి 1,000 డాలర్ల వడ్డీ వచ్చేది. నలభై మైళ్ల దక్షిణాన సన్నీవేల్‌లో అదే డబ్బు పదేళ్ల తర్వాత కూడా 2,000 డాలర్లే. ఈలోపు ధరలు పెరిగి దాని విలువ కరిగిపోయి ఉంటుంది. ఓనర్ల వైపు వాదనా ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. శాంటా మోనికాలో డిపాజిట్లను ప్రభుత్వ బీమా ఉన్న బ్యాంకు ఖాతాల్లో వేయాలని, 3 శాతం వడ్డీ ఇవ్వాలని రెంట్ బోర్డు పట్టుబట్టింది. బ్యాంకులేమో అంతకంటే తక్కువ ఇస్తున్నాయి. ఆ తేడాను ఓనరు జేబు నుంచి లాగడం రాజ్యాంగ విరుద్ధమని 2001లో కోర్టు కొట్టేసింది. దీన్నిబట్టి రేటును బ్యాంకుకు ముడిపెడితే గొడవ ఉండదని తేలింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఆ మరుసటి ఏడాదే మారే రేటుకు మళ్లింది. సన్నీవేల్ నగర మండలి ఆ దారిన వెళ్లవచ్చు. 2022 చివర్లో అద్దెదారులకు ఏడాది లీజు ఇవ్వజూపాలని, తప్పు లేకుండా ఖాళీ చేయిస్తే రెండు నెలల అద్దె పరిహారంగా ఇవ్వాలని తీర్మానించిన ఊరికి వడ్డీ గురించి ఆలోచించడం కష్టమైన పనేమీ కాదు.

బిల్డింగు చేతులు మారడం పాతకాపుల్ని కలవరపెట్టే మరో ఘట్టం. సిలికాన్ వ్యాలీలో పాత అపార్ట్‌మెంటు సముదాయాలు పదే పదే అమ్ముడవుతుంటాయి. ఒక కుటుంబం పదిహేనేళ్లలో ముగ్గురు ఓనర్లను చూడవచ్చు. డిపాజిట్టు తీసుకున్న మొదటి ఓనరు ఎక్కడో రిటైరై ఉంటాడు, కొత్త మేనేజరు "మా రికార్డుల్లో లేదండీ" అంటాడు. చట్టం ఇక్కడ గట్టిగా ఉంది. అమ్మేవాడు డిపాజిట్టును కొన్నవాడికి అప్పగించాలి, లేదా అద్దెదారుకు తిరిగి ఇచ్చేయాలి. అప్పగిస్తే ఆ విషయాన్ని కొత్త ఓనరు పేరు, అడ్రసు, ఫోన్ నంబరుతో అద్దెదారుకు తెలియజేయాలి. రెండూ చేయకపోతే పాత, కొత్త ఓనర్లిద్దరూ బాధ్యులే, ఎవరినైనా అడగవచ్చు. పాతవాడు ముట్టజెప్పని డబ్బు కోసం కొత్తవాడు అద్దెదారు దగ్గర మళ్లీ డిపాజిట్టు వసూలు చేయడానికి వీల్లేదు. అందుకే మొదటి లీజు, మొదటి చెక్కు నకలు పారేయకూడదు. అవి పాత రేషన్‌కార్డుల్లా పెట్టె అడుగున ఉండాల్సిందే.

పాతకాపుల సమస్య ఒక్క కాలిఫోర్నియాదే కాదు. ఇంగ్లండ్‌లో 2007 ఏప్రిల్ 6 నుంచి ప్రతి డిపాజిట్టునూ ప్రభుత్వ గుర్తింపు ఉన్న పథకంలో రక్షించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. అయితే అంతకు ముందే అద్దెకు దిగినవాళ్ల మాటేమిటి? సూపర్‌స్ట్రైక్ అనే ఓనరు కంపెనీ కేసులో ఇదే తేలాల్సి వచ్చింది. ఆ అద్దెదారు 2007 జనవరిలో దిగాడు. 2008 జనవరిలో లీజు గడువు తీరి, నెలనెలా సాగే అద్దెగా మారింది. అలా మారిన క్షణాన డిపాజిట్టును మళ్లీ కొత్తగా తీసుకున్నట్టే లెక్క, కాబట్టి దాన్ని రక్షించాల్సిందే అని 2013లో అప్పీలు కోర్టు తీర్పిచ్చింది. దేశమంతటా ఓనర్లు ఉలిక్కిపడ్డారు. చివరికి పార్లమెంటు 2015లో చట్టం చేసి, అలాంటి పాత డిపాజిట్లను రక్షించడానికి ఓనర్లకు ఆ ఏడాది జూన్ 23 దాకా గడువిచ్చింది. పాతవాళ్లను మరిచిపోయి కొత్త చట్టం చేస్తే కోర్టులైనా గుర్తు చేస్తాయని ఆ దేశం చూసింది.

కాలిఫోర్నియా తాజా సంస్కరణల్లోనూ అదే మరుపు కనిపిస్తుంది. అంతవరకు ఫర్నిచరు లేని ఇంటికి రెండు నెలల అద్దె, ఫర్నిచరు ఉంటే మూడు నెలలది డిపాజిట్టుగా అడిగే వీలు ఓనర్లకు ఉండేది. శాసనసభ్యుడు మాట్ హేనీ తెచ్చిన ఏబీ 12 చట్టం 2024 జులై 1 నుంచి దాన్ని ఒక నెలకు కుదించింది. రెండుకు మించని అద్దె ఆస్తుల్లో మొత్తం నాలుగు వాటాలకు మించి లేని చిన్న ఓనర్లకు మాత్రం రెండు నెలల వెసులుబాటు ఉంది. 3,000 డాలర్ల అద్దె ఇంట్లో దిగే కొత్త కుటుంబానికి ఒక్క దెబ్బతో 3,000 డాలర్లు మిగిలాయి. ఇది నిజమైన మేలు, పెళ్లి చేసుకుని వచ్చే కొత్త జంటలకు మరీనూ. కానీ ఆ పరిమితి అప్పటి నుంచి తీసుకునే డిపాజిట్లకే. 2012లో రెండు నెలల అద్దె కట్టి అదే ఇంట్లో ఉన్న కుటుంబానికి ఆ అదనపు నెల డబ్బు తిరిగి రాలేదు. పక్క ఫ్లాటులో నిన్న దిగినవాడి డిపాజిట్టు కంటే వీళ్లదే ఎక్కువ మొత్తం, వడ్డీ లేకుండా, ఓనరు దగ్గర ఉండిపోయింది.

తర్వాతి చట్టం ఏబీ 2801 ఫోటోల గురించి. 2025 ఏప్రిల్ 1 నుంచి, ఖాళీ చేసిన తర్వాత ఇంటి స్థితిని, మరమ్మతులు చేశాక మళ్లీ ఇంటి స్థితిని ఓనరు ఫోటోలు తీసి, కోతల పట్టీతో పంపాలి. అవసరం లేకపోయినా కార్పెట్ క్లీనింగు కంపెనీని పిలిచి ఆ ఖర్చు అద్దెదారు మీద వేయకూడదని కూడా అది చెప్పింది. 2025 జులై 1 తర్వాత మొదలయ్యే అద్దెలకు దిగేముందు ఫోటోలు కూడా తప్పనిసరి. పాతవాళ్లకు "తర్వాత" ఫోటోలు ఉంటాయి, "ముందు" ఫోటోలు ఉండవు. 2010లో దిగిన రోజున వంటగది గట్టు అంచు విరిగి ఉందో లేదో ఎవరు చెబుతారు?

అందుకే పాతకాపులకు 2003 నుంచి ఉన్న ఒక సౌకర్యం విలువైనది. ఖాళీ చేసేముందు చివరి రెండు వారాల్లో ఓనరు ఇల్లు తనిఖీ చేయాలని అద్దెదారు కోరవచ్చు. ఆ హక్కు ఉందని ఓనరే నోటీసు ఇవ్వాలి. తనిఖీ అయ్యాక ఏవేవి సరిచేస్తే కోత ఉండదో రాసి చేతిలో పెట్టాలి. అద్దెదారు ఆ రెండు వారాల్లో గోడ రంధ్రాలు పూడ్చుకోవచ్చు, స్టవ్ జిడ్డు వదిలించుకోవచ్చు, బల్బులు మార్చుకోవచ్చు. ఆ పట్టీలో లేని కోత చివర్లో కొత్తగా పుట్టుకొస్తే, సామాన్ల వెనక దాగి కనిపించనిదైతే తప్ప, సులభంగా నిలవదు.

అప్పటికీ తేలకపోతే శాంటా క్లారా కౌంటీ స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. 2024 నుంచి వ్యక్తులు 12,500 డాలర్ల దాకా దావా వేయవచ్చు. లాయర్లకు అక్కడ ప్రవేశం లేదు, రెండు వైపులా మనుషులే నిలబడి చెప్పుకుంటారు. ఇంగ్లీషు ధారాళంగా రాకపోయినా కాగితాలు ఉంటే చాలు. కోసిన ప్రతి డాలరూ సబబేనని నిరూపించే భారం ఓనరు మీదే ఉంది. హాల్లో కార్పెట్ ఏ ఏడాది వేశారు, దాని రశీదు ఎక్కడ, గోడలకు చివరిసారి రంగు వేసింది ఎప్పుడు అని జడ్జి అడిగితే ఆ కాగితాలు తెచ్చి చూపించాల్సింది ఓనరే.